పెట్టెలో ఓణీ లేదంటున్నారు, డబ్బు వెనక్కివ్వాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్లయి అమెరికాకు వచ్చి ఏడాదిన్నర అయింది, పని చేసుకునే అనుమతి ఉంది. మా అమ్మ పంపే పట్టు పావడా సెట్లను ఈబేలో అమ్ముతున్నాను. ఒకావిడ 140 డాలర్లకు ఒక సెట్టు కొన్నారు. పావడా, రవిక గుడ్డ మాత్రమే వచ్చాయని, ఓణీ లేదని మొన్న రాత్రి రిటర్న్ అభ్యర్థన పెట్టారు. నేను పెట్టాననే గుర్తు. వాదించాలా, మొత్తం డబ్బు వెనక్కివ్వాలా? ఇక్కడ అడగడానికి తెలిసినవారెవరూ లేరు. పగలంతా ఇంట్లో ఒంటరిగానే ఉంటాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

జవాబు: చెల్లెమ్మా, ‘పెట్టాననే గుర్తు’ అని రాశారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టిన మాట అదొక్కటే. ఆవిడ నిజం చెబుతున్నారా, అబద్ధమాడుతున్నారా అన్నది తర్వాతి సంగతి. మన గుర్తు మనకు ధైర్యం ఇస్తుందేమో గానీ, దావాలో (ఈబేలో పెట్టే ఇలాంటి రిటర్న్ అభ్యర్థననే నేను దావా అంటున్నాను) సాక్ష్యంగా నిలబడదు. నేను 2012లో ధర్మవరం చీరలతో ఈ అమ్మకం మొదలుపెట్టాను. ఆ గుర్తునే నమ్ముకుని మొదటి రెండేళ్లలో పోగొట్టుకున్న దుడ్డు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. (మా అనంతపురం వైపు డబ్బును దుడ్డు అంటాం. కష్టపడి సంపాదించినదాని గురించి చెప్పేటప్పుడు నాకు వేరే మాట నోటికి రాదు.)

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను, వివరాలు మీరే చూసుకోగలరు. ఈబేలో వస్తువు అందిన 30 రోజుల లోపు కొన్నవారు ఇలాంటి అభ్యర్థన పెట్టవచ్చు. అమ్మినవారు మూడు పనిదినాలలో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఈబేనే కల్పించుకుని తేల్చమని వారు కోరవచ్చు. ఎట్సీ అనే మరో అమ్మకపు సైటులోనైతే కొన్నవారు ముందు అమ్మినవారికి రాసి, 48 గంటలు ఆగి, ఆ తర్వాతే కేసు వేయాలి. మీకు ఆ మూడు రోజులలో కొంత ఇప్పటికే గడిచిపోయింది కాబట్టి, ఇది చదవడం పూర్తికాగానే లేచి పని మొదలుపెట్టండి. ఇంకొక సంగతి కొత్తవారిలో చాలామందికి తెలియదు. ట్రాకింగులో ‘అందింది’ అని కనిపించినంత మాత్రాన మీరు గట్టెక్కినట్టు కాదు. పెట్టె చేరిందనడానికి అది రుజువు అవుతుంది గానీ, పెట్టెలో ఏముందో అది చెప్పదు.

ఇక నా సంగతి. అప్పట్లో ధర్మవరంలో 9,000 రూపాయలకు చీర తెప్పించేదాన్ని. డాలరు దాదాపు 53 రూపాయలుండేది కాబట్టి, ఆ చీర నాకు 170 డాలర్లు పడేది. అక్కడి నుంచి రావడానికి చీరకు 12, ఇక్కడ పంపడానికి 9, అమ్మకపు కమీషను 24 డాలర్లు. 240 డాలర్లకు అమ్మితే చేతిలో మిగిలేది 25. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా గోడకు అంటించుకోమని మీకు గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే ఒక్క చీరకు మొత్తం డబ్బు వెనక్కిచ్చి, చీర కూడా తిరిగి రాకపోతే, కమీషను పోను 191 డాలర్లు నష్టం. అది పూడాలంటే మరో ఎనిమిది చీరలు అమ్మాలి. ఎనిమిది చీరలు అమ్మడానికి నాకు ఆ రోజుల్లో రెండు నెలలు పట్టేది.

మొదటి దెబ్బ ఆ ఏడాది దసరాకు తగిలింది. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక మనమ్మాయి, మామిడిపండు రంగు చీర కొని, రవిక గుడ్డ రాలేదని రాసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ధర్మవరం చీరకు రవిక గుడ్డ లేకపోవడమా అని సిగ్గుపడి, ఆ పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, ఆమె బ్యాంకు ఖాతాకు నేరుగా 40 డాలర్లు పంపించాను. రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ ఒక చీర కొని, క్షమించమంటూ రాసింది. కుట్టు పనివారికి ఇచ్చినప్పుడు వారు చీరను పూర్తిగా విప్పితే, లోపలి కొసన రవిక గుడ్డ చీరతో పాటే నేసి ఉందట. రెండు వేళ్ల వెడల్పున సాదాగా వదిలేసిన నేత, ఆ తర్వాత కొంగు రంగులోనే రవిక, దానికీ అదే అంచు. మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఆ గీత దగ్గర కత్తిరించుకోవాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. అమ్మకపు వివరణలో ‘రవికతో సహా’ అని రాశానే గానీ, అది చీరలోనే కలిసి ఉంటుందని రాయలేదు, దాని ఫోటో పెట్టలేదు. ‘తక్కువ వచ్చింది’ అనే ఉత్తరాలలో నేను చూసినంతవరకు పెద్ద భాగం ఇలాంటివే. వస్తువు ఉంటుంది, వారికి కనబడదు.

అందులో నేను చేసిన అసలు తప్పు డబ్బును నేరుగా పంపడం. ఆమె మంచి పిల్ల కాబట్టి అంతటితో ఆగింది. అదే ఆమె ఆ తర్వాత దావా వేసి ఉంటే, నేను బయటి నుంచి పంపిన 40 డాలర్లను ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు, 240 డాలర్లు పూర్తిగా మళ్లీ కట్టవలసి వచ్చేది. పది డాలర్లయినా సరే, ఏ చోట అమ్మారో ఆ ఖాతాలోని వాపసు మీట నొక్కి మాత్రమే ఇవ్వండి.

రెండవది ఇంకా పెద్దది, దాన్ని చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. (జిల్లాలు మారాక అవన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, నా నోటికి మాత్రం అనంతపురమనే వస్తుంది.) అక్కడి నుంచి మేకతోలుపై చిల్లులు కొట్టి రంగులు వేసిన చిలుకలు, నెమళ్లు ఆరింటిని ఒక సెట్టుగా తెప్పించి అమ్మాను. 2014 సంక్రాంతికి ముందు ఒక పెద్దాయన, నాలుగే వచ్చాయని దావా వేశారు. ఆరూ పెట్టానని నాకు గట్టి నమ్మకం. కోపంతో ఆయనకు మూడు పెద్ద ఉత్తరాలు రాశాను, నిజాయితీ గురించి కూడా రాశాను. ఆ ఉత్తరాలు రాయడంలో మునిగి, దావాలో నొక్కవలసిన జవాబు నొక్కలేదు. గడువు దాటింది, మొత్తం సొమ్ము ఆయనకు వెళ్లిపోయింది. పండుగ పూట అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా ఆ కబురు చూసి ఏడ్చాను. మార్చిలో అలమర సర్దుతుంటే, పాత తెలుగు దినపత్రికలో చుట్టిన రెండు నెమళ్లు బయటపడ్డాయి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకు క్షమాపణ రాసి, ఆ రెండూ పంపించాను. ఆయన రెండు మాటల్లో మర్యాదగా జవాబిచ్చారు. నాకు మాత్రం పోయిన సొమ్ముకంటే ఆ మూడు ఉత్తరాలే ఎక్కువ బాధగా మిగిలాయి.

ఆ రాత్రి మా నాన్న గుర్తొచ్చారు. మాది కదిరి దగ్గర శెనక్కాయలు పండించిన ఇల్లు. కాయలు మండీకి తోలుకెళ్లినప్పుడు నాన్న కాటా పక్కన నిలబడేవారు. ముల్లు నిలిచిందాకా చూసి, తరుగు ఎంత తీశారో అడిగి, బరువు చీటీలో రాయించుకుని, చీటీ జేబులో పెట్టుకున్నాకే అక్కడి నుంచి కదిలేవారు. షావుకారు చుట్టమైనా అంతే. వానలు లేని మా సీమలో ఏడాదికి ఒకసారి చేతికొచ్చే పంట అది, దాని దుడ్డు మాట మీద వదిలే స్తోమత మాకు లేదు. మీకూ లేదు. ప్రొద్దుటూరు వారికి వ్యాపారం ఒకరు చెప్పాలా అని మీరు అనుకోవచ్చు గానీ, అంగట్లో ఎదురెదురుగా చేసే వ్యాపారం వేరు, ముఖం చూడని మనిషితో చేసేది వేరు. మీ వయసువారు ఫోను మీద అన్నీ చకచకా చేస్తారు, అయితే తూచి రాసుకోవడం దగ్గరికొచ్చేసరికి విసుక్కుంటారు.

మర్నాడే వంటింట్లో వాడే చిన్న కాటా ఒకటి కొన్నాను. అప్పటి నుంచి పెట్టె మూసే ముందు వస్తువులన్నీ తెల్ల దుప్పటి మీద పరిచి, ఆర్డరు నంబరు రాసిన చీటీ పక్కన పెట్టి ఫోటో తీస్తాను. టేపు వేశాక, కాటా మీద పెట్టెను నిలబెట్టి, అంకె కనిపించేలా ఇంకొకటి తీస్తాను. పోస్టాఫీసు కౌంటరులో లేబుల్ కొంటే రశీదు మీద బరువు అచ్చవుతుంది, ఆ రశీదును పారేయకూడదు. ఇంట్లోనే లేబుల్ వేసుకుంటే దాని మీద పడేది మనం చెప్పిన బరువే, కాబట్టి ఔన్సులతో సహా సరిగ్గా చెప్పాలి.

ఈ కాటా నా సొమ్మును ఒకసారి నిజంగా నిలబెట్టింది. రెండు పట్టుచీరలు ఒకే పెట్టెలో పంపితే, ఒక్కటే వచ్చిందని ఒకరు రాశారు. రశీదులో 3 పౌండ్ల 11 ఔన్సులని ఉంది. ఒక్క చీర అయితే రెండు పౌండ్లు మించదు. నేను వారిని అబద్ధీకులని అనలేదు. బరువు రశీదు జతపరిచి, ‘బయలుదేరినప్పుడు రెండూ ఉన్నాయి కనుక దారిలో పోయి ఉండవచ్చు, తపాలా బీమాకు అర్జీ పెడతాను, పెట్టెను పారేయకుండా ఆరు వైపులా ఫోటోలు తీసి పంపండి’ అని రాశాను. ఆ తర్వాత వారి నుంచి ఉత్తరం రాలేదు, అభ్యర్థన వారే మూసేశారు. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని నమ్మి కూర్చోకండి. బరువు రశీదు మీ ఇంటి నుంచి వెళ్లినప్పటి సంగతే చెబుతుంది, దారిలో ఎవరైనా పెట్టె విప్పి తీసుకుని ఉంటే కొన్నవారి తప్పేమీ లేదు, తీర్పు వారి వైపే రావచ్చు. అప్పుడు ఆదుకునేది బీమా. యూఎస్‌పీఎస్ (అమెరికా తపాలా శాఖ) ప్రయారిటీ మెయిల్‌లో 100 డాలర్ల వరకు బీమా కలిసే ఉంటుంది, పంపిన 60 రోజుల లోపు అర్జీ పెట్టాలి. అంతకంటే ఖరీదైన వస్తువుకు అదనపు బీమా కట్టండి. ఆ కొద్ది డాలర్లు మిగుల్చుకోవాలని చూసి, ఆనక 191 డాలర్లు పోగొట్టుకోవడం నాకు తెలిసిన వ్యవహారం.

ఒంటరితనం గురించి మీరు రాసిన మాట చదివాను. మొదట్లో అందరికీ ఉంటుంది, కొంత కాలానికి అలవాటవుతుంది. మీ నిద్ర పోగొట్టింది మాత్రం ఈ 140 డాలర్లేనని నా అభిప్రాయం, అది తేలితే నిద్ర దానంతటదే వస్తుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. ముందు ఇల్లంతా వెతకండి, ముఖ్యంగా మీరు సర్దే బల్ల కింద, మిగతా సెట్ల మడతల మధ్య. తర్వాత అదే రకం సెట్టు ఇంకొకటి, అదే కొలత పెట్టెలో పెట్టి తూచండి. ఓణీ తీసేసి మళ్లీ తూచండి. ఆ రెండు అంకెలలో మీ రశీదు మీది బరువు దేనికి సరిపోతుందో చూడండి. పట్టు ఓణీ బరువు కాటాకు అందకుండా పోయేంత తక్కువ కాదు. ఓణీతో సరిపోతే, నేను రాసినట్టే మర్యాదగా పెట్టె ఫోటోలు అడిగి, బీమాకు అర్జీ పెట్టండి. ఓణీ లేని అంకెతో సరిపోతే, లేదా రశీదే లేకపోతే, నష్టం మీదే, వాదన వద్దు. ఇంట్లో ఓణీ దొరికినా, అదే రంగుది ఇంకొకటి ఉన్నా రేపే పంపుతానని దావాలోనే రాసి, ట్రాకింగు నంబరు అక్కడే ఎక్కించండి. ఏదీ లేకపోతే ఓణీ ఖరీదు మాత్రం అక్కడి నుంచే వాపసు ఇస్తానని అడగండి. ఆవిడ ఒప్పుకోక సెట్టు తిప్పి పంపుతానంటే సరేననండి, తిరుగు తపాలా ఖర్చు మీరే పెట్టుకోవాలి. అయినా పావడా, రవిక గుడ్డ చేతికొస్తాయి, వాటిని విడిగా అమ్ముకోవచ్చు.

ఏది చేసినా, ఈ రాత్రి పడుకునే ముందు దావాలో నాలుగు వాక్యాల జవాబు పడి ఉండాలి.