మౌసల పర్వానికీ ముసలితనానికీ సంబంధం లేదు

మహాభారతంలోని మౌసల పర్వం గురించి సభలో మాట్లాడటానికి సిద్ధమవుతూ, నిఘంటువులో ‘మౌసలం’ దొరకక మీరు ఆ పేరుకు ‘యాదవుల ముసలితనం’ అని అర్థం రాసుకున్నారు. మూలం ముసలం, అంటే రోకలి.

1. నిఘంటువు చూసేటప్పుడు చాలామంది పదంలోని తొలి అచ్చును దాని మూలరూపానికి వెనక్కి తిప్పరు. సంస్కృతంలో ‘దానికి సంబంధించినది’ అనేటప్పుడు ఉ తరచు ఔ అవుతుంది. ఔ తీసి ఉ పెట్టి వెతకండి. పదో పర్వం సౌప్తికం కూడా అంతే: సుప్తులు, నిద్రపోతున్నవారు. అశ్వత్థామ చంపింది వాళ్లనే కదా!

2. కథతో సరిచూసుకోండి. మునుల శాపంతో కృష్ణుడి కొడుకు సాంబుడికి ఇనుప రోకలి పుట్టింది. పొడిచేసి సముద్రంలో కలిపినా, ప్రభాస తీర్థంలో యాదవులు పీకిన తుంగ రోకళ్లయింది. వాటితోనే కొట్టుకుని చచ్చారు.

హనుమకొండ సభలో ‘ఇంట్లో ముసలం పుట్టింది’ అనే నుడికారంతో మొదలుపెట్టండి, వ్యాకరణం ఆ తర్వాత.