లిగాండ్ల మీద పీహెచ్‌డీ... తర్వాత ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. బల్కీ ఆరైల్ లిగాండ్ల (పరమాణువుకు అతుక్కుని ఉండే, బెంజీన్ వలయాలున్న భారీ గ్రూపుల) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. గాలి తగిలితే పాడైపోయే పదార్థాల కోసం అన్నేళ్లా? డేటా సైన్స్‌కు మారమంటున్నాను. మా తమ్ముడి కొడుకు అందులో మంచి జీతం తీసుకుంటున్నాడు. రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: ఇంత ఇరుకైన అంశంలో దిగితే అమ్మాయి అక్కడే చిక్కుకుపోతుందని మీ భయం. కంగారు పడకండి. అంశం చిన్నదే కానీ, అది నేర్పే పని చాలాచోట్ల పనికొస్తుంది.

కొన్ని సమ్మేళనాలు పుట్టీపుట్టగానే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పరమాణువు చుట్టూ భారీ ఆరైల్ గ్రూపులుంటే చేనుకు కంచె వేసినట్టు పక్క అణువు దగ్గరికి రాలేదు. సిలికాన్ పరమాణువుల మధ్య ద్విబంధం నిలవదని చాలాకాలం అనుకున్నారు. 1981లో రాబర్ట్ వెస్ట్ బృందం మెసిటైల్ అనే ఆరైల్ గ్రూపులతో దాన్ని నిలబెట్టింది. 2005లో ఫిలిప్ పవర్ బృందం టెర్‌ఫినైల్ అనే ఇంకా పెద్ద ఆరైల్ లిగాండ్ల సాయంతో రెండు క్రోమియంల మధ్య ఐదు ఎలక్ట్రాన్ జతల బంధాన్ని చూపింది.

ఇవన్నీ ల్యాబ్ వింతలేనంటారా? 2005లోనే నోబెల్ అందుకున్న మెటాథెసిస్ చర్యనే (ద్విబంధాల దగ్గర అణువులు ముక్కలు మార్చుకునే చర్య) చూడండి. ఆ నోబెల్ పంచుకున్నవాళ్లలో గ్రబ్స్ రెండో తరం ఉత్ప్రేరకంలో మెసిటైల్ గ్రూపులున్నాయి, ష్రాక్ మాలిబ్డినం ఉత్ప్రేరకంలో డైఐసోప్రొపైల్‌ఫినైల్ అనే మరో భారీ ఆరైల్ గ్రూపు ఉంది. మందుల తయారీలో వాడే పల్లాడియం కప్లింగ్‌లో (రెండు అణువుల ముక్కలను అతికించే చర్యలో) చాలాసార్లు బుక్‌వాల్డ్ లిగాండ్లు వాడతారు. అవీ ఈ కుటుంబానివే.

ఇక డేటా సైన్స్. ఇష్టంతో వెళ్లేవాళ్లను నేనెప్పుడూ ఆపలేదు. పక్కవాళ్ల జీతం చూసి వెళ్లేవాళ్ల విషయంలోనే నాకు అనుమానం. కొన్ని నెలల కోర్సు చేసినవాళ్లు, స్టాటిస్టిక్స్‌ను ఏళ్ల తరబడి చదివినవాళ్లతో అవే ఉద్యోగాలకు పోటీ పడాలి. టూల్స్ మారినప్పుడు ముందు తడబడేది పునాది లేనివాళ్లే. రసాయనశాస్త్రాన్ని వదిలేసి వెళ్తే మీ అమ్మాయి చేతిలో ఉన్న బలం కూడా పోతుంది. పైథాన్ కావాలంటే పీహెచ్‌డీ చేస్తూనే నేర్చుకోవచ్చు.

ఒక్క మాట గట్టిగానే అంటాను. మీ ఉత్తరంలో తమ్ముడి కొడుకు జీతం ఉంది, ల్యాబ్‌లో పని మీ అమ్మాయికి ఎలా అనిపిస్తోందో లేదు. అడిగారా? అడగకుండా మారమనడం సలహా కాదు, ఒత్తిడి. ఆ ఒత్తిడికి తలొంచి నచ్చని కోర్సులో చేరి, మధ్యలో ఆపేసిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

కష్టాలూ ఉన్నాయి. అణువు నిర్మాణాన్ని ఎక్స్‌రేతో చూడాలంటే స్ఫటికం కావాలి, ఒక మంచి స్ఫటికం కోసం నెలలు గడిచిపోవచ్చు. అధ్యాపక పోస్టులు తక్కువ. ‘బల్కీ లిగాండ్లు’ అని ఉద్యోగ ప్రకటనలో ఎవరూ రాయరు. గాలి తగలకుండా పనిచేసే గ్లోవ్‌బాక్స్, ష్లెంక్ లైన్‌ల మీద చేయి తిరిగి, అణువు నిర్మాణం తెలిపే ఎన్‌ఎంఆర్, ఎక్స్‌రే డేటా సొంతంగా చదవగలిగితే ఉత్ప్రేరకాలు, పాలిమర్లు, మందుల ప్రాసెస్ విభాగాల్లో దరఖాస్తు చేయడానికి దారి ఉంటుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది గైడ్ ఎంపికలో. ఆ ల్యాబ్ పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారు? థీసిస్‌కు ఎన్నేళ్లు పట్టింది? సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రే యంత్రం అక్కడే ఉందా? గాలికి తట్టుకోని స్ఫటికాన్ని వేరే ఊరికి పంపి కొలిపించడం పెద్ద అవస్థ. ఫెలోషిప్ ఎన్నాళ్లు వస్తుంది? చేరేముందు కనీసం ఇద్దరు పాత విద్యార్థులతో, గైడ్ పక్కన లేనప్పుడు, మాట్లాడమనండి. ఆ ఫోన్లు మీ అమ్మాయే చేయాలి, మీరు కాదు.