ఐసు దిమ్మ చిట్లకుండా, తెల్లబడకుండా

నమస్కారమండీ. చెల్లెలి రిసెప్షన్ కోసం హంసను చెక్కబోతే, ఫ్రీజర్ నుంచి తీసిన దిమ్మ రెండుసార్లూ ఉలి తగలగానే చిట్లిందని, నడుమంతా పాలలా తెల్లగా ఉందని రాశారు. మీ చేతిలో లోపం ఏమీ లేదు, దిగులు పడకండి.

ఫ్రీజర్‌లో ఐసు సున్నాకు దాదాపు 18 డిగ్రీల దిగువన ఉంటుంది. బయటికి తేగానే పైపొర వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి భాగం ఇంకా బిగుసుకునే ఉంటుంది. ఆ లాగులాటలో ఉన్న దిమ్మకు చిన్న దెబ్బ చాలు. చెక్కపలక మీద నిలబెట్టి, ఫ్యాను గాలి తగలకుండా వదిలేయండి. మొదట తెల్లటి నూగు పడుతుంది, వేలు పెడితే అంటుకుంటుంది. ఆ నూగు కరిగి, పైభాగం అద్దంలా మెరిసి, వేలు జారినప్పుడు ఉలి పట్టండి. గంటలు లెక్కపెట్టకండి, దిమ్మనే చూడండి.

తెలుపు సంగతి వేరు. నీరు గడ్డకడుతూ తనలో కరిగిన గాలిని బయటికి నెడుతుంది. అన్ని వైపుల నుంచీ గడ్డకడితే ఆ గాలి నడుమ చిక్కుకుంటుంది. కాచిన నీళ్లతో కొంతే ఉపయోగం. మూత లేని మందపాటి థర్మోకోల్ పెట్టెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఉంచండి, పైనుంచి కిందికే గడ్డకడుతుంది. అడుగున నాలుగో వంతు నీరుగా ఉండగానే తీసి, ఆ నీళ్లు పారబోయండి. శిల్పాల దిమ్మలు చేసే యంత్రాల్లో ఇదే పద్ధతి తలకిందులుగా ఉంటుంది: అడుగు నుంచి చల్లబరుస్తూ, పైనీటిని పంపుతో కదుపుతారు.

హంస మెడ విరిగినా పారేయకండి. ముక్కలను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి, విరిగిన ముఖాలను చదునుచేసి, నడుమ కొద్దిగా చల్లటి నీళ్లు పోసి అదిమి పట్టండి. అతుక్కుంటుంది.