మీ ఉత్తరాలకు జవాబులు: రోడ్డు లేని ఊరికి విమానం

కెనడా ఉత్తరాన రోడ్డు లేని ఒక మూలవాసుల ఊళ్లో మూడేళ్లు నర్సుగా పనిచేశానని పోయిన సంచికలో ఒక్క ముక్క రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు, మూడింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులోనే బీఎస్సీ నర్సింగ్ చేసి, నాలుగేళ్లుగా టొరంటోలో ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు ఒంటారియోలో సూ లుకౌట్ అనే టౌన్‌కి ఇంకా పైన, ఓజీ-క్రీ అనే మూలవాసుల ఊళ్లో, నర్సులే నడిపే నర్సింగ్ స్టేషన్‌లో చేరింది. తొమ్మిది సీట్ల విమానం, ఒకటే ఇంజినట. మొదటిసారి వెళ్తుంటే పొగమంచు వల్ల ఊరి మీదిదాకా పోయి దిగకుండానే వెనక్కి తెచ్చేశారట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మానేసి వచ్చెయ్యమని చెప్పనా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెప్పకండమ్మా. మీకు నిద్ర లేకుండా చేసిన ఆ సంగతే నాకైతే ధైర్యం ఇచ్చేది. దిగకుండా వెనక్కి తెచ్చాడంటే ఆ పైలట్ తన పని సరిగ్గా చేశాడు. ఆ ఊళ్లలో రన్‌వేలు చాలావరకు కంకరవి, పొడవు సుమారు 3,500 అడుగులు, మన గన్నవరం రన్‌వేలో మూడో వంతు. విమానాలకి దారి చెప్పే కంట్రోల్ టవర్ ఉండదు. చీకటిపడ్డాక రన్‌వే దీపాలు కూడా పైలటే పైనుంచి రేడియో మీట నొక్కి వెలిగించుకుంటాడు. చుట్టూ సరస్సులు కాబట్టి చలి మొదలయ్యే రోజుల్లో నీళ్లింకా కాస్త వెచ్చగానే ఉండి పైన గాలి చల్లబడుతుంది, తెల్లారేసరికి పొగమంచు కమ్మేస్తుంది. ఇంత ఎత్తు వరకే దిగాలి, అప్పటికీ రన్‌వే కనపడకపోతే మళ్లీ పైకి లేవాలి అనేది రూలు, వెనక్కి రావడానికో ఇంకో చోట దిగడానికో సరిపడా ఇంధనం ఉంటేనే అసలు బయలుదేరతారు.

ఒకటే ఇంజిన్ అని భయపడుతున్నారు కదా. ఆ దారుల్లో తిరిగే పిలాటస్ పీసీ-12, సెస్నా కారవాన్, రెండిటికీ ఉండేది పీటీ6 అనే టర్బైన్ ఇంజినే, దానికి చాలా మంచి పేరుంది. ఒంటారియోలో ఎయిర్ అంబులెన్స్ నడిపే ఆర్న్జ్ సంస్థ రోగుల్ని తీసుకెళ్లడానికి పీసీ-12లను కూడా వాడుతూ వచ్చింది.

నా మొదటి చలికాలంలో నాకూ ఇలాగే అయింది. సీట్ల వెనక వల కట్టి దాని వెనక గుడ్ల ట్రేలు, డైపర్ల పెట్టెలు పేర్చారు. గంటసేపు ఎగిరాక కిందికి దిగడం మొదలుపెట్టాం, కిటికీలోంచి చూస్తే పాలు ఒలకబోసినట్టు తెలుపే తప్ప చెట్టన్నది కనపడలేదు, ఇంతలో ఇంజిన్ మోత పెరిగి విమానం ముక్కు పైకెత్తింది. నా చేతులు వణికిపోతున్నాయి. పక్కనున్న పెద్దావిడ నావైపు చూసి, కోటు జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి చింపి రెండు నాకిచ్చి, తను ఒకటి తింటూ కళ్లు మూసుకుంది. పైలట్ చెప్పాల్సింది మనకి ఆవిడ చెప్పేసిందనిపించింది. రెండు రోజుల తర్వాత అదే సీట్లో కూర్చుని వెళ్లాం.

మీ అమ్మాయి గురించి మీరు పడే టెన్షన్ ఆ ఊరి తల్లులు ఎప్పటినుంచో పడుతున్నదే, అది కూడా మీకు చెప్పాలి. మన దగ్గర ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది. అక్కడ దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఊళ్లో కాన్పు చేసే ఏర్పాటు లేక, నెలలు నిండకముందే, 36 నుంచి 38 వారాల మధ్య, నిండు గర్భిణిని అమ్మకీ అత్తకీ దూరంగా విమానం ఎక్కించి సూ లుకౌట్‌కో థండర్ బేకో పంపిస్తారు. నొప్పులొచ్చేదాకా అక్కడే హాస్టల్ గదిలో కాచుకుని ఉండాలి. తోడు వెళ్లే మనిషి ఖర్చు గర్భిణులందరికీ ప్రభుత్వం ఇవ్వడం మొదలైందే 2017లో, అంతకుముందు ఎంతమంది ఒంటరిగా కన్నారో. వాళ్లని ఎక్కించడానికి రన్‌వే దాకా నేను చాలాసార్లు వెళ్లాను. ఎవరూ ఏడవరు, మెట్ల దగ్గర వాళ్లమ్మ కోటు జిప్పు గడ్డందాకా లాగి ఒక క్షణం అలా పట్టుకుని వదిలేస్తుంది. కొన్ని వారాలకి బిడ్డతో తిరిగి వస్తే సగం ఊరు రన్‌వే దగ్గరే ఉంటుంది. డాక్టరు నెలకి కొన్ని రోజులే వచ్చే ఊళ్లో మిగతా రోజులన్నీ చూసుకునేది మీ అమ్మాయిలాంటి నర్సులే. అందుకే మానేయమనకండి అంటున్నాను.

ఆమెకి ఇవి మాత్రం గట్టిగా చెప్పండి. మందపు కోటు, బూట్లు, గ్లోవ్స్ సూట్‌కేసులో పెట్టకూడదు, ఒంటి మీదే ఉండాలి. మైనస్ 40లో వేరే ఊళ్లో దింపితే సూట్‌కేసు దగ్గర ఉండకపోవచ్చు. వేసుకునే మందులు వారం రోజులవి చేతి సంచిలో ఉండాలి. ఇక మీరు, చలికాలంలో అక్కడికీ మనకీ పదకొండున్నర గంటల తేడా, దిగగానే మెసేజ్ రాకపోతే విమానం ఆగిపోయిందనుకోండి, అక్కడ నూటికి తొంభైసార్లు సంగతి అదే.

ప్రశ్న: మా తమ్ముడు అలాంటి ఊళ్లోనే టీచరు. ఫిబ్రవరిలో వాడి పెళ్లి. ముందురోజు బయలుదేరి వచ్చేస్తా అంటున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు వాడి కొలీగ్స్‌కి పచ్చళ్లు పట్టుకెళ్లాలట, ఇంట్లో అమ్మ ఇప్పటి నుంచే హడావుడి.
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందురోజా! పెళ్లికొడుకు లేకుండా స్నాతకం చేయాల్సి వస్తుంది. ఊరి నుంచి సూ లుకౌట్, అక్కడి నుంచి థండర్ బే, టొరంటో, ఢిల్లీ, గన్నవరం, ఇన్ని మారాలి, మొదటి మెట్టే వాతావరణం చేతిలో ఉంది. టొరంటోలో ఎక్కే పెద్ద విమానానికి కనీసం నాలుగు రోజులు ముందే ఊళ్లోంచి బయటపడి టొరంటోలో కూర్చోమనండి. చిన్న విమానం టికెట్టు, పెద్ద విమానం టికెట్టు వేర్వేరుగా కొంటే ఒకటి తప్పినందుకు రెండోవాళ్లు పూచీ పడరు. ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సుల మీద, బురదనేల మీద వేసే చలికాలపు రోడ్డు తెరిచి ఉంటుంది కానీ, పెళ్లికి టైముకి అందుకోవడానికి దాన్ని నమ్ముకోవద్దు. ఇప్పుడు చలి తగ్గి ఆ రోడ్డు ముందుకన్నా తక్కువ రోజులే ఆగుతోంది, ఏడాదికి సరిపడా ఇంధనమూ ఇళ్ల సామానూ తెచ్చుకునేది ఆ కొద్ది వారాల్లోనే.

పచ్చళ్ల సంగతి. మాంసం పచ్చళ్లు వద్దు, మిగతావి సీల్ చేయించి కస్టమ్స్‌లో తినే సామాను ఉందని చెప్పమనండి. చాలా ఊళ్లలో మద్యం నిషేధం, విమానం దిగగానే సంచులు విప్పి చూస్తారు. అది ఊరు తనకోసం పెట్టుకున్న కట్టుబాటు, చిన్నతనంగా అనుకోకూడదు. పేరు లేని కవర్లో కందిపొడి, కారప్పొడి చూస్తే ఎవరికైనా అనుమానమే కాబట్టి ఒక్కో ప్యాకెట్ మీద పేరు రాయించండి. బరువు చూసుకోండి, అక్కడ కిలో కిలోకీ లెక్క ఉంటుంది, సంచి తర్వాతి విమానంలో వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

ప్రశ్న: అక్కడి బోర్డు ఫొటో ఒకటి చూశాను, త్రికోణాలూ కొక్కేలూ ఉన్నాయి. అది లిపేనా? నేను రిటైరైన తెలుగు మాస్టార్ని.
– పటమట, విజయవాడ

జవాబు: లిపే, మాస్టారూ, క్రీ, ఓజీ-క్రీ భాషలు రాసేది, మీకు తేలిగ్గా పట్టుబడే లిపి. మన గుణింతంలో అక్షరానికి గుడి, కొమ్ము తగిలిస్తాం. వాళ్లు అక్షరాన్నే తిప్పుతారు. 'ప'కి ఒకవైపు తెరిచి ఉన్న కోణంలాంటి గుర్తు ఉంటుంది. మొన పైకి ఉంటే పి, కిందికి ఉంటే పె, కుడికి ఉంటే పొ, ఎడమకి ఉంటే ప. పొల్లు హల్లుకి పైన చిన్న గుర్తు. 1840లో కెనడాలోనే నార్వే హౌస్ అనే ఊళ్లో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ దీన్ని అచ్చులో పెట్టాడు. దేవనాగరి ప్రభావం ఉందని పండితులంటారు, క్రీ పెద్దలు మాత్రం ఈ లిపి తమవాళ్లకి దక్కిన వరమని చెబుతారు. ఆ ఊరి ఎనిమిదేళ్ల పాప కట్టు కట్టించుకుంటూనే నా పేరు 'పద్మ' రాసి చూపించింది, వాళ్లకి త, దలకి ఒకటే గుర్తు కాబట్టి పత్మ అయింది. 'మీగ్వెచ్' అన్నాను, అంటే థాంక్స్. నా ఉచ్చారణ రెండుసార్లు దిద్దింది. ఆ ఫొటో ఉంటే పంపండి మాస్టారూ, ఏ ఊరి పేరో చదివి చూస్తాను.