కుడి చెంప నలుపు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయ్, నువ్వు పంపిన మూడు వ్యాసాలూ రెండేసి సార్లు చదివాను. నీ రాతలో చదివించే గుణం ఉంది. వాక్యం ఎక్కడ ఆపాలో తెలుసు. కోపం వస్తే దాచుకోవు. అందుకే మెచ్చుకోలుతో సరిపెట్టకుండా అసలు సంగతి రాస్తున్నాను. మూడింట్లోనూ మొదటి వాక్యం నుంచి చివరి దాకా నువ్వు ఒప్పు వైపే ఉన్నావు. ఒక్కచోట కూడా నీ మాట మీద నీకు అనుమానం రాలేదు. సైన్స్ ఫిక్షన్ గురించి రాసేవాళ్ళకి ఇది పెద్ద లోటు.

మొదటిది 'స్టార్ ట్రెక్' అనే పాత అమెరికన్ అంతరిక్ష సీరియల్లో ఒక ఎపిసోడ్ మీద రాసినది. 1969 జనవరిలో ప్రసారమైంది అది. ఇద్దరు గ్రహాంతరవాసులు, ఇద్దరి ముఖాలూ నిలువునా సగం నలుపు, సగం తెలుపు. ఒకడు పారిపోతుంటాడు, ఇంకొకడు తరుముతుంటాడు. ఎందుకింత పగ అంటే, నాకు కుడివైపు నలుపు, వాడికి కుడివైపు తెలుపు, ఆ మాత్రం కనబడటం లేదా అంటాడు తరిమేవాడు. 'ఇది కథ కాదు, ఉపన్యాసం' అని నువ్వు తేల్చేశావు. అందులో నిజముంది. ఆ డైలాగులు నాకూ విసుగు తెప్పించాయి. కానీ ఒక సంగతి వదిలేశావు. అతను నోరు విప్పి చెప్పేదాకా ఆ తేడాని అంతరిక్ష ఓడలో ఎవరూ పట్టించుకోలేదు. చూస్తున్న నేనూ పట్టించుకోలేదు. చెప్పాక మాత్రం ఇక అదే కనబడింది. తర్వాతి ప్రతి సీన్లోనూ ఎవరికి ఏ వైపు నలుపు అని నా కళ్ళు వెతుక్కున్నాయి. పగవాడు నేర్పిన చూపు నాకు ఒక్క నిమిషంలో అబ్బింది! ఆ ఎపిసోడ్ బలమంతా అక్కడుంది. నీ కన్ను ఎప్పుడు వెతకడం మొదలుపెట్టిందో రాసి ఉంటే ఆ వ్యాసం వేరుగా ఉండేది.

అదే వ్యాసంలో 'సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలోకి రాజకీయాలు ఈమధ్యే చొరబడ్డాయి' అన్నావు. అది తప్పు. 1955లో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి చంపేశారు. నిందితులను జ్యూరీ వదిలేసింది. రాడ్ సెర్లింగ్ అనే టీవీ రచయిత ఆ ఘటన ఆధారంగా టీవీ నాటకం రాస్తే, డబ్బు పెట్టేవాళ్ళు భయపడ్డారు. కథని దక్షిణాది నుంచి అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్‌కి మార్పించారు. చనిపోయినవాడు ఎవరో పోల్చుకోవడానికి వీల్లేకుండా చేశారు. 1956లో ఆ నాటకం అలాగే ప్రసారమైంది. మూడేళ్ళకి, 1959లో, ఆయన 'ట్వైలైట్ జోన్' అనే వింత కథల సీరియల్ మొదలుపెట్టాడు. 156 ఎపిసోడ్లు వస్తే అందులో 92 ఆయనే రాశాడు. మనుషుల గురించి చెప్పనివ్వని మాటలు గ్రహాంతరవాసుల మీద పెట్టి చెప్పాడు.

ఆ సీరియల్లోనే 1960లో వచ్చిన మేపుల్ స్ట్రీట్ అనే వీధి కథ నువ్వు చూసే ఉంటావు. వీధిలో కరెంటు పోతుంది. కార్లు కదలవు. మనలో ఎవడో గ్రహాంతరవాసి అని ఒక పిల్లవాడి కథల పుస్తకం వల్ల అనుమానం మొదలవుతుంది. పొద్దు గుంకేసరికి ఒకరి మీద ఒకరు రాళ్ళు విసురుకుంటారు, ఒక మనిషి చచ్చిపోతాడు. గ్రహాంతరవాసులు దూరంగా కొండమీద నిలబడి, కరెంటు తీస్తూ వేస్తూ చూస్తుంటారు, అంతే. నేను గమనించింది ఒకటుంది. ఎవడై ఉంటాడా అని మనమూ ఊహిస్తుంటాం. రాయి మన చేతిలో లేదు గానీ అనుమానం మనలోనూ ఉంది.

ఇప్పుడు నీ మూడో వ్యాసం తీసి చూసుకో, ఎన్నికల మీద రాసినది. నీకు నచ్చని నాయకుణ్ణి అంతరిక్ష సామ్రాజ్యపు చక్రవర్తితో పోల్చావు. నచ్చిన నాయకురాల్ని తిరుగుబాటుదారుని చేశావు. చదివినవాళ్ళు చప్పట్లు కొడతారు, కాదనను. కానీ ఆయన ఏ సభలో ఏం అన్నాడు, ఏ చట్టానికి ఓటేశాడు అనేది రెండు పేజీల్లో ఒక్క వాక్యం లేదు. పోలిక ఆలోచనకి బదులుగా వచ్చి కూర్చుంది. సెర్లింగ్ మనుషుల్ని దూరం జరిపింది మనల్ని మనం చూసుకోవడానికి. నువ్వు దూరం జరిపింది అవతలివాళ్ళనే చూడటానికి.

ఇక రెండోది, 'నటులు నటిస్తే చాలు, రాజకీయాలు వాళ్ళకెందుకు' అన్నది. దీని మీద నాకు కోపమే వచ్చింది. 'స్టార్ ట్రెక్'లో సులు వేషం వేసిన జార్జ్ టకే 1942లో ఐదేళ్ళ పిల్లవాడు. జపాన్‌తో యుద్ధమని, జపాన్ మూలాలున్న అమెరికన్లని అప్పుడు ఇళ్ళలోంచి పట్టుకెళ్ళి శిబిరాల్లో పెట్టారు. ఆయన కుటుంబాన్ని అర్కాన్సాలో ముళ్ళకంచెల వెనక ఉంచారు. పెద్దయ్యాక, 1981లో, ఆ అన్యాయాన్ని విచారించిన ప్రభుత్వ కమిషన్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఆ మనిషిని రాజకీయాలు మాట్లాడొద్దని ఏ నోటితో అంటావు?

1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న బాధితులకి తలా 20,000 డాలర్లు ఇచ్చే చట్టం చేసింది. దానిమీద సంతకం పెట్టిన అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. ఆయనా నటుడే. 1966 సెప్టెంబరులో 'స్టార్ ట్రెక్' మొదలైతే, సరిగ్గా రెండు నెలలకి ఆయన కాలిఫోర్నియా గవర్నర్‌గా గెలిచాడు. టకే డెమోక్రాట్, రీగన్ రిపబ్లికన్. నీ వ్యాసంలో ఈ ఇద్దరూ ఒకే గాటన పడిపోయారు. పార్టీల లెక్కలో చూస్తే ఎదురెదురు గాట్లలో పడతారు. ఏ లెక్కలో చూసినా ఆ సాక్ష్యానికీ ఆ సంతకానికీ ఉన్న సంబంధం కనబడకుండా పోతుంది.

నేనూ ఒకప్పుడు ఒక నటుడి పార్టీ నచ్చక, ఆయన వేసిన పాత్ర బాలేదని రాశాను. పాత్ర బాగుంది. రాసేటప్పుడే నాకు తెలుసు. ఆ వాక్యం అచ్చులో చూసిన రోజు నుంచి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఒక పని చెయ్యి. మిగతా రెండు వ్యాసాలూ పక్కన పెట్టి, మొదటి వ్యాసంలోని ఆ ఎపిసోడ్ చివరి నిమిషాలు మళ్ళీ చూడు. తమ గ్రహం మీద ఒక్క ప్రాణి కూడా మిగల్లేదని తెలిశాక కూడా ఆ ఇద్దరూ ఓడ నడవల్లో ఒకరి వెనక ఒకరు పరిగెడుతుంటారు. వాళ్ళ మీద తగలబడుతున్న నగరాల బొమ్మలు కదులుతుంటాయి. ఆ పరుగు గురించి మాత్రమే రెండు పేజీలు రాసి పంపు. నీ పరుగు ఏదైనా గుర్తొస్తే దాన్నీ రాయి. ఈసారి కూడా రెండుసార్లు చదువుతాను.