పొట్టిగా, బిగుతైన చుట్టలతో ఉన్న జుట్టుకు రోలర్లు: కొత్తగా వచ్చినవారి సందేహాలకు జవాబు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువారిలో పుట్టుకతోనే బాగా బిగుతైన చుట్టలు తిరిగే జుట్టున్న అమ్మాయిలు తరచుగా ఒక సందేహం అడుగుతుంటారు. ఇక్కడ ఇలాంటి జుట్టుకు రోలర్లు చుట్టి చక్కని వంపులు తెప్పిస్తారని విన్నామని, తమ జుట్టు చెవుల దగ్గరే ఆగిపోయిందని, అంత పొట్టి జుట్టుకు అది కుదురుతుందా, ఇంట్లో స్వయంగా చేసుకోవచ్చా అని వారి ప్రశ్న. కుదురుతుంది, ఇంట్లోనూ చేసుకోవచ్చు. అయితే పొడవాటి జుట్టుకు పనికివచ్చే పద్ధతినే యథాతథంగా పొట్టి జుట్టుకు వాడితే ఫలితం రాదు. రోలర్ సైజు ఎంచుకోవడంలోనూ, జుట్టును పూర్తిగా ఆరనివ్వడంలోనూ జరిగే పొరపాట్లకు చాలామంది తమ జుట్టునే నిందించుకుంటారు. అందుకే ఈ రెండింటి గురించీ కాస్త వివరంగా రాస్తున్నాను.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. అందులోని గొలుసులను పట్టి ఉంచే బంధాలలో మనకు ఇక్కడ కావలసినవి రెండు రకాలు. గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు గట్టివి. అవి నీళ్లకు లొంగవు, రసాయనాలకే లొంగుతాయి. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. జుట్టు తడిసినప్పుడు విడిపోయి, ఆరినప్పుడు మళ్లీ కలుస్తాయి. రోలర్ చేసే పనంతా ఈ రెండో రకం బంధాలతోనే. తడి జుట్టును సాగదీసి గొట్టానికి చుట్టి, కదలకుండా ఆరనిస్తే, ఆ బంధాలు గొట్టం వంపును అనుసరించి కలుసుకుంటాయి. మళ్లీ తేమ తగిలితే విడిపోయి, జుట్టు తన సహజమైన చుట్టలోకి తిరిగి వెళ్లిపోతుంది. కనుక ఇది తాత్కాలికమైన మార్పే, దీనివల్ల జుట్టుకు జరిగే హాని కూడా తక్కువే.

బిగుతైన చుట్టల జుట్టును అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక నొక్కినట్టుగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. ప్రతి మలుపు దగ్గరా అది బలహీనంగా ఉంటుంది, తెగితే ఎక్కువగా అక్కడే తెగుతుంది. మాడు నుంచి ఊరే సహజమైన జిడ్డు ఇన్ని మలుపులు దాటి కొసలదాకా చేరలేదు కాబట్టి కొసలు ఎప్పుడూ పొడిగా, పెళుసుగా ఉంటాయి. చలికాలంలో రోజంతా హీటర్ నడిచే ఇళ్లలో గాలి పొడిబారి ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. వీటన్నిటికీ తోడు కుంచించుకుపోవడం ఒకటి. ఆరిన తరువాత మూడు అంగుళాలుగా కనిపించే జుట్టు, తడిపి మెల్లగా లాగితే ఆరు అంగుళాలో అంతకుమించో ఉండవచ్చు. మీ జుట్టు పొట్టిదా కాదా అనేది అద్దంలో చూసి నిర్ణయించుకోకండి. తడి జుట్టులోంచి ఒక పాయ తీసి, సాగదీసి, స్కేలు పెట్టి కొలవండి. నడినెత్తిన, చెవుల పైన, మెడ వెనుక పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మూడు చోట్లా కొలవడం మంచిది.

ఈ కొలతే రోలర్ సైజును నిర్ణయిస్తుంది. జుట్టు గొట్టం చుట్టూ ఒకే ఒక్క చుట్టు తిరిగితే కొస వద్ద కాస్త వంపు వస్తుంది, అంతే. ఒకటిన్నర చుట్లు తిరిగితే అల వస్తుంది. నిండైన రింగు రావాలంటే రెండున్నర చుట్లు పడాలి. ఇప్పుడు లెక్క చూడండి. 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ చుట్టుకొలత దాదాపు 6.3 సెంటీమీటర్లు, దాని మీద రెండున్నర చుట్లు పడాలంటే సాగదీసిన జుట్టు సుమారు 16 సెంటీమీటర్లు ఉండాలి. 1 సెంటీమీటరు వ్యాసం ఉన్న సన్నని రాడ్‌కైతే 8 సెంటీమీటర్లు సరిపోతాయి. పొడవాటి జుట్టు వాళ్లు వాడే లావు రోలర్లు చూసి అవే కొనుక్కుంటే, మీ జుట్టు వాటి మీద ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. కొస వంగుతుంది గాని కుదుళ్ల దగ్గర చుట్టలు అలాగే ఉండిపోతాయి. సన్నని రాడ్లతో మరీ చిన్న రింగులు వస్తాయేమోనన్న భయం అక్కరలేదు. ఇలాంటి జుట్టు రాడ్ నుంచి విడిపోయాక సహజంగానే కొంత వదులవుతుంది, వేళ్లతో విడదీస్తే ఇంకా విచ్చుకుంటుంది. నెత్తి మీద ఒక సైజు, మెడ దగ్గర అంతకన్నా సన్నని సైజు వాడటంలో కూడా తప్పేమీ లేదు.

రోలర్ల రకాల విషయంలో ఎక్కువ ఆలోచించనవసరం లేదు. మరీ పొట్టి జుట్టుకు, పర్మింగ్‌కు (రసాయనాలతో జుట్టుకు శాశ్వతంగా వంపు తెప్పించే పద్ధతికి) వాడే సన్నని ప్లాస్టిక్ రాడ్లు గాని, లోపల తీగ ఉండి వంచితే వంగే ఫ్లెక్సీ రాడ్లు గాని అనువైనవి. కొంచెం పొడవుంటే మాగ్నెటిక్ రోలర్లని పిలిచే నున్నటి ప్లాస్టిక్ గొట్టాలు బాగుంటాయి. స్పాంజి రోలర్లు మెత్తగా ఉంటాయి గాని నీటిని పీల్చుకుని పట్టుకుని కూర్చుంటాయి, వాటితో లోపల ఆరడం ఆలస్యం. వెల్క్రో రోలర్లు మాత్రం వద్దు. వాటి ముళ్లు చుట్టల్లో ఇరుక్కుంటే విడదీయడంలోనే బోలెడు జుట్టు తెగిపోతుంది. ఇంట్లో ఉంటే సాఫీ జుట్టున్న స్నేహితులకు ఇచ్చేయండి.

తలస్నానం చేసి, కండిషనర్ పట్టించి, అది తల మీద ఉండగానే చిక్కు తీయాలి. కొసల నుంచి మొదలుపెట్టి, ముందు వేళ్లతో, తరువాత వెడల్పు పళ్ల దువ్వెనతో కుదుళ్లవైపు రావాలి. కడిగేశాక నీళ్లు కారకుండా పాత టీషర్టుతో అద్ది, తక్కువ మోతాదులో లీవ్-ఇన్ కండిషనర్ (కడగకుండా జుట్టుకే వదిలేసేది), దాని మీద సెట్టింగ్ లోషన్ గాని ఫోమ్ గాని రాయాలి. ఆరినప్పుడు వంపును పట్టి ఉంచేది ఈ లోషన్‌లోని పాలిమర్ల సన్నని పొర. గాఢంగా అమ్మే లోషన్లను సీసా మీద చెప్పిన పాళ్లలో నీళ్లు కలిపి పలుచన చేయకపోతే జుట్టు అట్టకట్టి, తరువాత పొట్టు రాలుతుంది. నూనెలు, చిక్కటి బటర్లు ఈ దశలో వద్దు. వాటివల్ల జుట్టు బరువెక్కుతుంది, లోషన్ సరిగ్గా అంటుకోదు.

చుట్టడంలో అసలు నేర్పు పాయ తీయడంలో ఉంది. పాయ వెడల్పు రోలర్ పొడవును మించకూడదు, మందం రోలర్ వ్యాసాన్ని మించకూడదు. దువ్వెన తోకతో సూటిగా పాపిడి తీసి, పాయను మళ్లీ స్ప్రే సీసాతో తడిపి, సన్న పళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి కొసదాకా ఒక్కసారి నునుపుగా లాగండి. పాయను తలకు నిటారుగా కాక, ఇంకొంచెం ముందుకు వంచి పట్టుకుంటే, చుట్టిన రోలర్ సరిగ్గా తన పాపిళ్ల మధ్యే కూర్చుంటుంది. కుదుళ్లు కూడా లాగినట్టయి సాఫీగా ఆరతాయి. పొట్టి జుట్టులో సగం జుట్టు కుదుళ్ల దగ్గరిదే కాబట్టి ఈ కోణం వదులుకోకూడదు. ఇక కొస సంగతి. కొసలను పట్టి ఉంచడానికి వాడే పల్చని కాగితాన్ని (ఎండ్ పేపర్) మడిచి కొసను అందులో ఇమిడ్చి, కాగితం అంచు జుట్టు కొసను దాటి బయటికి వచ్చేలా పెట్టి, కాగితంతోనే చుట్టడం మొదలుపెట్టాలి. కాగితం లేకుండా చుడితే కొస అడ్డదిడ్డంగా మడతపడి, ఆరాక గాలపు ముల్లులా వంగి ఉండిపోతుంది, దాన్ని సరిచేయాలంటే మళ్లీ తడపడం తప్ప మార్గం లేదు.

ఒక వైపు చుడుతుండగా రెండో వైపు జుట్టు ఆరి కుంచించుకుపోవడం మొదలవుతుంది. కాబట్టి ఇంకా చుట్టని భాగాలను క్లిప్పులు పెట్టి, తడి ఆరనివ్వకుండా చూసుకోండి. బిగువు ఉండాలి గాని నొప్పి ఉండకూడదు. నుదుటి అంచున చర్మం పైకి లాగినట్టున్నా, చిన్న పొక్కులు లేచినా, తలనొప్పి వచ్చినా వెంటనే వదులు చేయండి. ఒకే చోట పదేపదే లాగడం వల్ల జుట్టు రాలడాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లో గమనించి మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లు శాశ్వతంగా పోవచ్చు. రోజూ రోలర్లు పెట్టుకునే నిద్రపోవడం అందుకే మంచిది కాదు.

ఆరబెట్టడం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. తల మొత్తం కప్పే హుడ్ డ్రయ్యర్ గాని, చేతి డ్రయ్యర్‌కు తగిలించే టోపీలాంటి బానెట్ గాని మధ్యస్థ వేడిలో పెట్టుకుని కూర్చోవాలి. పల్చటి జుట్టుకైనా ముప్పావు గంట పడుతుంది. ఒత్తైన జుట్టుకు గంటన్నర కూడా పట్టవచ్చు. ఇండియా నుంచి డ్రయ్యర్ తెచ్చుకున్నవారికి ఒక మాట: అది 230 వోల్టులకు తయారైంది, ఇక్కడి ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులే. ప్లగ్ అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టేజీని మార్చదు, కనుక ఆ డ్రయ్యర్ అరకొరగా వేడెక్కుతుంది. ఇక్కడే ఒకటి కొనుక్కోండి.

డ్రయ్యర్ కింద నుంచి లేవగానే జుట్టు ముట్టుకుంటే వేడిగా ఉండి ఆరిపోయినట్టే అనిపిస్తుంది, నమ్మకండి. పది నిమిషాలు చల్లారనివ్వండి. తరువాత మెడ వెనుక, అన్నిటికన్నా ఒత్తుగా చుట్టిన రోలర్ ఒక్కదాన్ని విప్పి చూడండి. కుదురు దగ్గర చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. దాన్ని మళ్లీ చుట్టి ఇంకో పావుగంట కూర్చోండి. ఏ కొంచెం తడి మిగిలినా ఆ భాగం గంటలోపే ఉబ్బిపోయి, మిగతా తల అంతా బాగున్నా అక్కడక్కడ దూది అంటించినట్టు కనిపిస్తుంది. సమయం కలిసొస్తుందని తడి జుట్టు మీద జుట్టు సాఫీ చేసే వేడి ఐరన్ పెట్టడం మరీ ప్రమాదం: వెంట్రుక లోపలి నీరు ఆవిరై, బుడగలు ఏర్పడి, అది విరిగిపోతుంది.

విప్పేటప్పుడు లాగకుండా, చుట్టిన దిశకు వ్యతిరేకంగా తిప్పుతూ తీయాలి. అరచేతుల్లో రెండు చుక్కల తేలికపాటి సీరం రుద్దుకుని, ప్రతి రింగునూ వేళ్లతో రెండుగానో మూడుగానో విడదీయండి, దువ్వెన వద్దు. కుదుళ్ల దగ్గర కొంత ఉబ్బు మిగులుతుంది. సాఫీ చేసే రసాయనం పెట్టిన జుట్టుకు వేసిన రోలర్ సెట్‌లా ఇది జారుతూ ఊగదు, అలా ఊగాలని ఆశించడమే అనవసరం. మీ జుట్టు కొంచెం సాగి, చుట్ట పెద్దదై, ఒక క్రమంలోకి వస్తుంది. నా దృష్టిలో ఆ కుదుళ్ల నిండుదనమే పొట్టి జుట్టుకు అందం. రాత్రిళ్లు శాటిన్ టోపీ (దీన్నీ బానెట్ అనే అంటారు) వేసుకున్నా, శాటిన్ దిండు గలీబు వాడినా సరే. నూలు గుడ్డ తేమను పీల్చి, రాపిడితో జుట్టును రేపుతుంది. స్నానం చేసేటప్పుడు ఆవిరి తగలకుండా షవర్ క్యాప్ తప్పనిసరి. ఇలా చూసుకుంటే ఐదారు రోజులు నిలుస్తుంది, ఉక్క ఎక్కువగా ఉండే వేసవిలో అంతకన్నా తక్కువ.

సెలూన్‌కు వెళ్లదలచుకుంటే, బోర్డు మీద ఏమున్నా, ముందే ఫోన్ చేసి రసాయనం పెట్టని, బిగుతైన చుట్టల జుట్టుకు రోలర్ సెట్ చేస్తారా అని సూటిగా అడగండి. లైసెన్సు ఉన్నవాళ్లందరికీ ఈ పని రాదు. శిక్షణలో అన్ని రకాల జుట్టునూ చేర్చాలని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది 2023లో మాత్రమే. నల్లజాతివారు నడిపే నేచురల్ హెయిర్ సెలూన్లలో తరతరాలుగా ఈ నేర్పు ఉంది. తెలుగువారు మొహమాటపడకుండా అక్కడికి వెళ్లవచ్చు.

ఉద్యోగం కోసం జుట్టును రసాయనాలతో సాఫీ చేయించుకోవాలేమోనని కొందరు భయపడతారు. జుట్టు సహజమైన తీరును బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది, తరువాత మరెన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో ప్రతినిధుల సభ దాటినా సెనేట్ దాటలేదు. కాబట్టి మీ రాష్ట్రం సంగతి చూసుకోండి. రసాయనాల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. 2022 అక్టోబరులో జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలను దాదాపు పదకొండేళ్లు గమనించిన అధ్యయనాన్ని ప్రచురించారు. ఏడాదిలో నాలుగుసార్లకు మించి స్ట్రెయిట్‌నింగ్ ఉత్పత్తులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం వాడనివారికన్నా రెట్టింపుకు పైగా కనిపించింది. ఇవే కారణమని అది నిరూపించలేదు గాని, నీళ్లతో, రోలర్లతో జరిగే పనికి అలాంటి సందేహమే లేదు.

సాగదీసి కొలిచినా 5 సెంటీమీటర్లు రాని జుట్టుకు మాత్రం రోలర్ల జోలికి పోకండి. అంత పొట్టి జుట్టును పట్టి చుట్టాలంటే గట్టిగా లాగవలసి వస్తుంది, అయినా జారిపోతుంది. తడి జుట్టుకు కాస్త జెల్ రాసి, చిన్న చిన్న పాయలను చూపుడువేలికి చుట్టి వదిలేస్తూ ఆరనిస్తే, అవే చక్కని రింగులవుతాయి. రోలర్లు పట్టేంత పెరిగేదాకా ఇది చాలు.