వదినగారి మాట, రిజిస్టర్‌లో మీ సంతకం

నెల్లూరు పొగతోటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న సోదరి రాసిన ఉత్తరం ఇది. అదే ఐసీయూలో సీనియర్ అయిన ఆమె ఆడబిడ్డ కొన్నాళ్లుగా అడిగి మరీ నైట్ డ్యూటీలు వేయించుకుంటున్నారు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే, అలవాటు పడే ప్రమాదమున్న ఫెంటానిల్ మందు ఆంప్యూల్‌లో (చిన్న గాజు సీసాలో) మిగిలింది పారబోశానని చెప్పి, చూడకుండానే రిజిస్టర్‌లో సాక్షి సంతకం పెట్టమంటున్నారు. తుంటి ఆపరేషన్ అయిన కోవూరు పెద్దాయనకు ఒంటిగంటకు ఇంజెక్షన్ ఇచ్చినట్టు చార్టులో ఉండగా, పావుగంటకే ఆయన నొప్పితో మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చారట. ఆ మందును ఆవిడే వాడుకుంటున్నారేమోనని ఈమె అనుమానం. తల్లి పోయాక తన భర్తను పెంచి చదివించింది, తనకీ ఉద్యోగం ఇప్పించింది ఆ వదినగారే కనుక, యాజమాన్యానికి పేరు లేకుండా ఉత్తరం రాయవచ్చా అని ఈమె అడుగుతున్నారు.

అమ్మా, ఆకాశరామన్న ఉత్తరం రాయకండి. రాత్రిపూట ఐసీయూలో ఉండేదే నలుగురైదుగురు కాబట్టి రాసిందెవరో తెల్లారేలోగా తెలిసిపోతుంది. తెలియకపోతే ఆ నింద పాపం మరో పిల్ల మీద పడుతుంది. ఆ ప్రశ్నకు ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

మీ నాలుగు పేజీల ఉత్తరంలో మూడో పేజీ అడుగున ‘మా ఆయనకు ఇంకా చెప్పలేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు మీ కష్టమంతా అక్కడే కనిపించింది. అక్కను తల్లిగా చూసుకునే మనిషి ముందు ఆమె గురించి నోరు విప్పితే, ఓర్వలేక చెబుతోంది అనుకుంటారని మీ భయం. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో వదినగారి మాటకు ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. రిజిస్టర్‌లో కళ్లు మూసుకుని పెట్టిన సంతకం ఆ అలవాటుకు కొనసాగింపే. ఆవిడ అన్నం పెట్టిన రుణం మీ భర్తది, అందులో సగం మీది కూడా, కాదనను. కానీ ఆ రుణాన్ని కోవూరు పెద్దాయన నొప్పితో తీర్చే హక్కు మీ ఇద్దరిలో ఎవరికీ లేదు.

అయితే మీరు చూసినదానికి వేరే కారణాలు ఉండవచ్చని కూడా గుర్తుంచుకోండి. ఫెంటానిల్ ప్రభావం ఎక్కువసేపు ఉండదు, ఇచ్చిన మోతాదు చాలకపోవచ్చు, సెలైన్ సూది నరం తప్పినా మందు పనిచేయదు. నేరం రుజువు చేయడం మీ పని కాదు, వదినగారి బ్యాగు వెతకడం అసలే కాదు. తేదీ, సమయం, బెడ్ నంబరు, కళ్లారా చూసినది మాత్రం రాసుకుని నర్సింగ్ సూపరింటెండెంట్‌ను స్వయంగా కలిసి చెప్పండి, చూడకుండా మీరు పెట్టిన సంతకాలతో సహా. 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. రోగికి 50 ఇస్తే మిగిలిన మిల్లీలీటరు మీ కళ్లముందు పారబోస్తేనే మీరు సాక్షి. ఈ రాత్రి నుంచే ‘నేను చూడలేదు వదినా, పెట్టలేను’ అనండి, అంతకుమించి వాదించకండి.

ఇది నొప్పితో ఆగే వ్యవహారం కాదని మీకు తెలియాలి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక ఆస్పత్రి టెక్నీషియన్ ఫెంటానిల్ సిరంజిలు దొంగిలించి వాడుకుని, వాటిలో వేరే ద్రవం నింపి తిరిగి పెట్టడంతో 30 మందికి పైగా రోగులకు అతడికున్న హెపటైటిస్ సి, అంటే రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు, సోకిందని 2012లో బయటపడింది. అతడు అంతకుముందు పనిచేసిన చోట్ల ఉద్యోగం పోగొట్టుకున్నా, గొడవ ఎందుకని ఊరుకున్నవాళ్ల పుణ్యాన మరో ఆస్పత్రిలో చేరగలిగాడు.

మీ భర్తకు కూడా చెప్పండి, కానీ ఆయన అనుమతి కోసం కాదు. రోగి విషయంలో మీ బాధ్యత ఆయన ఒప్పుకోలు కోసం ఆగకూడదు. మీరు సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లే రోజే, ఆయనకు ఇంకొకరి నోట తెలియకముందే కూర్చోబెట్టి చెప్పండి. కోప్పడితే పడనివ్వండి. అనుమానం నిజమైతే, విషయం బయటపడిన ఆ ఒకటి రెండు రోజులు వదినగారిని ఒంటరిగా వదలకూడదు. ఈ అలవాటులో ఉన్నవాళ్లు పట్టుబడ్డ అవమానంలో ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంటుంది, అప్పుడు పక్కన ఉండగలిగేది తమ్ముడే. చికిత్సకు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, వ్యసనపరులు తమంతట తాము గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరి పూర్తి చేస్తే, వాడకానికీ కొద్దిపాటి పరిమాణానికీ సంబంధించిన కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ఆస్పత్రి స్టాకు మాయమైన లెక్క దాని కిందికి వస్తుందని అనుకోకండి, అందుకు వకీలును అడగాలి.

వదినగారు చికిత్సలో ఉన్నన్నాళ్లూ ఆవిడ పిల్లలిద్దరినీ మీ ఇంట్లో ఉంచుకోండి. కారణం మాత్రం మీరు చెప్పకండి. కోలుకున్నాక వాళ్ల అమ్మే చెప్పుకుంటుంది.